గుసగుసల ఏడో తరగతి

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరు కలిసినా నన్ను మొదట అడిగేది, "మేడం, దీనికి ఫార్మాట్ ఏమైనా ఉందా?" అని. ఎందుకు లేదు నాయనా, బీరువా నిండా ఉన్నాయి. రిటైరయిన రోజు ఆ బీరువా తాళంచెవి నా తర్వాత వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేశాను. ఫార్మాట్లు కావాలంటే ఆమెను అడగండి. నా దగ్గర మిగిలినవి కొన్ని బళ్ళు, కొందరు మనుషులు, ఒక ఏడో తరగతి.

నేను పనిచేసింది సూరత్‌లో, మునిసిపల్ బళ్ళలో. చాలా ఏళ్ళు తెలుగు మీడియం టీచర్ని, చివరి కొన్నేళ్ళు క్లస్టర్ కోఆర్డినేటర్ని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని మామూలుదే. చుట్టుపక్కల బళ్ళన్నీ తిరగాలి. టీచర్లకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చూడాలి. చేతనైతే సాయం చేయాలి, చేతకాకపోతే కనీసం అడ్డం రాకుండా ఉండాలి. ఈ చివరిది చాలామందికి కుదరదు.

సూరత్‌లోని లింబాయత్ గల్లీల్లో సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు. మగవాళ్ళు సాంచల మీద పని చేస్తారు. పవర్‌లూమ్‌ని మావాళ్ళు సాంచ అనే అంటారు. మా నాన్న కూడా ఆ సాంచల చప్పుడులోనే చెవులు పోగొట్టుకుని నన్ను చదివించాడు. ఇంట్లో ఆయన మాట్లాడితే పక్కింటివాళ్ళు పోట్లాట అనుకునేవారు. అందుకే ఆ గల్లీల సంగతి నాకు మొత్తం తెలుసని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో ముందు ముందు మీరే చూస్తారు.

మొగ్గ, పువ్వు, కాయ

కరోనా తర్వాత బళ్ళు సరిగ్గా నడవడం మొదలైన ఏడు, జూన్‌లో అందరు పిల్లలకీ చదువు పరీక్ష పెట్టమని పైనుంచి చెప్పారు. ఒక్కొక్క పిల్లని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక పేరా పైకి చదివించాలి. చదివినదాన్ని బట్టి మూడు గుంపులు చేయాలి. అక్షరాల దగ్గరే ఆగినవాళ్ళు మొగ్గలు, కూడబలుక్కుని చదివేవాళ్ళు పువ్వులు, గడగడా చదివేవాళ్ళు కాయలు. ఆ పేర్లు ఎవరు పెట్టారో నాకు తెలీదు. కనిపిస్తే నాలుగు మాటలు అనాలని మాత్రం ఉంది.

మా తెలుగు బడి ఏడో తరగతికి పరీక్ష పెడితే తరగతి మొత్తం మొగ్గలే వచ్చింది. ఒక్క పువ్వు లేదు. పిల్లలు వచ్చి కూర్చున్నారు, కాగితం చూశారు, పెదవులు కొద్దిగా కదిపారు, అంతే. మాట పైకి రాలేదు. పరీక్ష పెట్టడానికి వేరే బడి నుంచి వచ్చిన టీచర్లు తలలు ఊపుకుంటూ రాసుకున్నారు. పిల్లల రాతపని మరీ అంత అధ్వాన్నంగా లేదన్న సంగతి అప్పుడే గమనించాల్సింది. కానీ ఒకరిది చూసి ఒకరు ఎక్కించి ఉంటారని అందరం ఒకే మాట మీద సరిపెట్టుకున్నాం.

మా పై అధికారి దేసాయి సాహెబ్. ఇలాంటివాటికి ఆయన దగ్గర మందు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చెడ్డవాడు కాదు. పిల్లలంటే ప్రేమే, కాకపోతే ఆ ప్రేమ చార్టుల్లోంచి నడుస్తుంది. వారం తిరిగేలోపు ఏడో తరగతికి ఒకటో తరగతి బొమ్మల పుస్తకాలు పంపించాడు. అమ్మ, ఆవు, ఇల్లు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఆ పుస్తకాలు సంచీల అడుగున దాచుకుని గేటు దాటేవారు. వంశీ అని పొడుగ్గా ఉండే కుర్రాడు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా అడిగాడు.

"మేడం, నేను మొగ్గనా? నాకు మీసాలు వస్తున్నయి."

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత చాలా సిగ్గేసింది. ఆ రోజే మొగ్గ, పువ్వు పేర్లు గోడ మీంచి తీయించేశాను. కొత్తవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. పిల్లల్ని ఏ గుంపులో పెట్టినా సరే, ఆ గుంపు పేరు వాళ్ళు ఇంట్లో చెప్పుకోగలిగేలా ఉండాలి.

లావణ్య

ఏడో తరగతి టీచర్ లావణ్య. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్నదీ సాంచల పనే. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడుతుంది. కరోనాకు ముందు ఆమె పాఠం చెప్తుంటే కాంపౌండు గోడ అవతల కూరగాయల బండి అతను కూడా వినేవాడు. లెక్కలు చెప్తూ పాడేది, చరిత్ర చెప్తూ బల్ల ఎక్కేది. నేను తిరిగిన బళ్ళన్నింటిలో అలాంటి టీచర్లు నలుగురైదుగురు ఉంటారేమో.

ఆ వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండా మళ్ళీ పెట్టేసింది.

"పద్మక్కా, నా వల్ల అయితలేదు," అంది. "అడుగుత, ఎవ్వలు జవాబియ్యరు. నన్నే చూస్తరు, టీవీ చూసినట్టు. ఒకప్పుడు నేను తరగతిల అడుగు పెడితే గోల గోల. ఇప్పుడు బిల్‌కుల్ చప్పుడు లేదు. రెండేండ్లల్ల నాకు పాఠం చెప్పుడే మర్చిపోయినట్టున్న."

"అందరి పిల్లలూ అలాగే ఉన్నారు లావణ్యా."

"లేదక్కా, పక్క తరగతిల గుజరాతీ పిల్లలు మంచిగనే అరుస్తున్నరు. నా పిల్లలే గిట్ల అయిన్రు." డబ్బా పక్కకు జరిపి మెల్లగా చెప్పింది. "మా ఆయన చీరెలు ఆన్‌లైన్ల అమ్ముతున్నడు గద. ఫోటోలు తీసుడు, ప్యాకింగు, మస్తు పనున్నది. రమ్మంటున్నడు. దీపావళి సెలవుల దాక వస్త. తర్వాత రాను."

నాకు భయం వేసింది. ఎందుకో చెప్పాలి. లావణ్య రెగ్యులర్ టీచర్ కాదు, ఏడాదికేడాది ఒప్పందం మీద తీసుకునే టీచర్. ఆమె మానేస్తే సూరత్‌లో తెలుగులో పాఠం చెప్పగలిగే ఇంకొకరు దొరకడం గగనం. అది దేసాయి సాహెబ్‌కి కూడా తెలుసు. నేను సంగతి చెప్పగానే ఆయన గుజరాతీలో అన్న మాట ఇది: "టీచర్ లేకపోతే ఏం చేస్తాం పద్మాబేన్? ఏడో తరగతిని హిందీ బడిలో కలిపేద్దాం."

తెలుగులోనే నోరు విప్పని పిల్లలు హిందీ బడిలో వెనక బెంచీ మీద కూర్చుంటారు. వచ్చే వేసవికల్లా సగం మంది మార్కెట్లో చీరల మూటలు మోస్తుంటారు. అలా పోయిన పిల్లలను అప్పటికే కొందరిని చూశాను. కరోనా తర్వాత బడికి తిరిగి రానివాళ్ళు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. ఎంత తిరిగినా అందరినీ వెనక్కి తేలేకపోయాం. వచ్చినవాళ్ళు కూడా చేజారతారంటే నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను నడుస్తాను. అందుకే ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టాను.

పెదవి మీద వేలు

ఈ పనిలో మన శాఖవాళ్ళంతా చేసే పొరపాటు ఒకటుంది. ఇళ్ళకు సాయంత్రం పూట వెళ్తాం. సాయంత్రం ఇల్లు కళకళలాడుతుంది, చాయ్ ఇస్తారు, తల్లి నవ్వుతూ మాట్లాడుతుంది. అన్నీ బాగున్నాయని రాసుకుని వచ్చేస్తాం. ఆ రోజు నేను పట్టపగలు వెళ్ళడానికి కారణం నా తెలివి ఏమీ కాదు. సాయంత్రం మా చెల్లెలు ఇంటికి వస్తానంది.

శ్రావణి ఇంటికి వెళ్ళాను. ఏడో తరగతిలో అందరికంటే మౌనంగా ఉండే పిల్ల ఆమె. ఆ రోజు బడికి రాలేదు. మేడ మీద ఒకే గది, తలుపుకు చీర అడ్డం కట్టి ఉంది. తెర తీసి "అమ్మా" అనబోయేంతలో లోపల నలుగురిలో ముగ్గురు ఒకేసారి పెదవుల మీద వేలు పెట్టారు. శ్రావణి, ఆమె తమ్ముడు, వాళ్ళమ్మ రమ. నాలుగో మనిషి తండ్రి రాజేశం, ఫ్యాను కింద దుప్పటి ముఖం మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు.

రమ సైగతోనే రమ్మంది, సైగతోనే కూర్చోమంది, చాయ్ తాగుతావా అని కూడా సైగతోనే అడిగింది. ఆమె ఒడిలో చీర ఉంది. గమ్ము డబ్బా పక్కన పెట్టుకుని చీర అంచుకు మెరిసే టిక్కీలు అంటిస్తోంది. ఇంటి దగ్గర ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పని అదే. ఆ టిక్కీలు డబ్బాలో వేస్తే చప్పుడవుతుందేమోనని కింద గుడ్డ పరిచి పెట్టుకుంది.

మూలన శ్రావణి తమ్ముడికి పాఠం చెప్తోంది. పిల్లవాడు చెవిని ఆమె నోటికి ఆనించి కూర్చున్నాడు. నేను మెల్లగా జరిగి నా చెవి కూడా అక్కడ పెట్టాను. శ్రావణి సిగ్గుపడింది గానీ ఆపలేదు. తన ఏడో తరగతి వాచకంలోంచి వాన గురించిన పాఠం చదువుతోంది. ఎక్కడా తడబాటు లేదు. కామా దగ్గర ఆగింది, ప్రశ్న దగ్గర ప్రశ్నలా పలికింది. అంత చక్కగా చదువుతున్నా, పైన ఫ్యాను కాస్త గట్టిగా తిరిగితే ఒక్క మాటా వినపడేది కాదు. ఒకటో తరగతి బొమ్మల పుస్తకం ఇచ్చింది ఈ పిల్లకేనా అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రమను వెంటబెట్టుకుని మెట్లు దిగి, గల్లీలోకి వచ్చాక గానీ మాట్లాడుకోలేదు.

"ఈయనకు రాత్రి పాళీ అక్కా," అంది రమ. షిఫ్టును ఇక్కడ పాళీ అంటారు. "పొద్దంత పండాలె. ఉన్నది ఒక్కటే రూము. నిద్ర సాలకుంటే సాంచ కాడ కన్ను మూత పడ్తది, చెయ్యి పోతది. మా వెనక గల్లీల ఒకాయనకు గట్లనే అయింది. గందుకే పిల్లలకు నేనే నేర్పిన, నాయిన పన్నప్పుడు నోరు మెదపద్దని. బడి ఉంటే పగలు బడిల ఉందురు. రెండేండ్లు బడి లేకపాయె, ఇంట్లనే ఉన్నరు. గిప్పుడు నాయిన లేసి ఉన్నా గట్లనే మాట్లాడ్తున్నరు."

"మరి ఫోన్‌లో క్లాసు ఎలా విన్నారమ్మా?"

"వినుడేడిది? సౌండు బంద్ చేసి చూసేటోళ్ళు. చెవులకు పెట్టుకునేది తెస్తే చిన్నోడు తెంపిండు. శ్రావణి మాత్రం లావణ్య టీచర్ మొఖం చూసుకుంట మొత్తం క్లాసు కూసునేది."

నా అనుమానం తీరక ఇంకో నాలుగు ఇళ్ళు తిరిగాను. వంశీ ఇంట్లో కూడా పెదవి మీద వేలే. ఇంకో ఇంట్లో చిన్న పిల్ల కూడా నన్ను చూడగానే వేలెత్తింది. సాంచల మీద పనిచేసే తండ్రులు అరిచినట్టు మాట్లాడతారు, ఇంట్లో పిల్లలు గుసగుసలాడతారు. ఆ గల్లీలో పుట్టి పెరిగి కూడా నాకు ఇది తోచలేదు. మా కాలంలో పగలంతా మేం బళ్ళోనో రోడ్డు మీదనో ఉండేవాళ్ళం కదా.

మ్యూట్

మర్నాడు లావణ్యకు చెప్పాను. మొదట నమ్మలేదు. "నన్ను ఊకుంచెటందుకు చెప్తున్నవ్ అక్కా," అంది. సౌండు బంద్ చేసి రెండేళ్ళు ఆమె క్లాసు చూశారన్న మాట వినగానే మాత్రం కుర్చీలోంచి లేచింది.

"అంటే నా పాఠాలన్నీ మూకీ సినిమానా?"

"హీరోయిన్‌వి నువ్వే."

ఆ ఏడాదిలో ఆమె నవ్వడం మొదటిసారి అప్పుడే చూశాను. అంతలోనే ముఖం మారిపోయింది. "నేను సుత రోజు అదే చెప్పిన గద అక్కా. క్లాసు మొదలయితే చాలు, అందరు మ్యూట్ల పెట్టుకోండ్రి, అందరు మ్యూట్ల పెట్టుకోండ్రి అని."

నిజమే. ఇంట్లో అమ్మ ఊరుకోమంది, ఫోన్‌లో టీచర్ ఊరుకోమంది. పిల్లలు చక్కగా మాట విన్నారు. మనం చెప్పిన పాఠాల్లో అంత బాగా వంటబట్టింది ఇదొక్కటే.

కారణం తెలిసింది కదా, ఇక పని అయిపోయిందనుకున్నాం. అంత తేలిగ్గా ఎందుకవుతుంది! "గట్టిగా చదవండి" అని లావణ్య గట్టిగా అంటే వాళ్ళ గొంతు ఇంకా తగ్గిపోయింది. బతిమాలితే తలదించుకున్నారు. దేసాయి సాహెబ్‌కు చెప్తే చాలా సంతోషించి, గొంతు పెంచడం మీద టీచర్లకు ఒక రోజు శిక్షణ పెడదామన్నాడు. ప్రొజెక్టరు కూడా తానే పంపిస్తాడట. కొత్తవాళ్ళకు ఇక్కడొక మాట. అధికారులు శిక్షణ ఇస్తామన్నప్పుడు వద్దనకండి. సరేనండి, వచ్చే నెల చూద్దామండి అనండి. వచ్చే నెలకు వాళ్ళకు ఇంకోటి దొరుకుతుంది.

దారి దొరికింది లావణ్యకే. ఒకరోజు బోర్డు తుడుస్తూ, నా వైపు తిరగకుండానే అంది. "పద్మక్కా, ఈ పిల్లలకు ఎక్కడ చూసినా ఎవరో ఒకరు పండుకున్నట్టే ఉన్నది. ఎవ్వలు పండుకోని జాగకు తీస్కపోదాం. డుమస్ బీచ్‌కు పోదాం."

ఎవరూ నిద్రపోని చోటు

బస్సు కావాలి. దేసాయి సాహెబ్ ససేమిరా అన్నాడు. చదువులు వెనకబడిన ఏడాది పిక్నిక్కులేమిటి అన్నది ఆయన వాదన. అప్పుడు నాకు ప్రసాద్ గారు గుర్తొచ్చారు. సూరత్ పక్కన హజీరాలో ఒక కంపెనీలో పెద్ద ఇంజినీరు, గోదావరి జిల్లా మనిషి. అప్పుడప్పుడు శనివారాలు వచ్చి పిల్లలకు సైన్సు చెప్పేవారు. ఫోన్ చేశాను.

"అదెంతసేపండీ! ఆదివారం మా టౌన్‌షిప్ బస్సు ఖాళీగానే ఉంటదండీ. పర్మిషన్ నేను చూసుకుంటాను. పిల్లలు సముద్రంలో దిగకుండా మీరు చూసుకోండి చాలు," అన్నారు.

బస్సు దొరికిందని తెలిసి దేసాయి సాహెబ్ కూడా వస్తానన్నాడు. పర్యవేక్షణకట. బస్సు దిగీ దిగగానే ఆయన నేరుగా టమాటా భజియాల బండి దగ్గరికి వెళ్ళి పర్యవేక్షించడం మొదలుపెట్టాడు. ఆ మనిషి నాకు అందుకే ఇష్టం.

డుమస్‌లో సముద్రం వెనక్కి పోయి ఉంది. నల్లటి తడి ఇసుక, చెవులు హోరెత్తేంత గాలి, ఒంటెలవాళ్ళ అరుపులు, మొక్కజొన్న పొత్తుల పొగ. లావణ్య పిల్లల్ని ఒక వరుసలో నిలబెట్టి, వాచకాలు తెరవమంది. చెప్పులు విప్పి, పంజాబీ డ్రెస్సు పైకి మడుచుకుని, తడి ఇసుకలో దూరంగా నడిచి వెళ్ళింది. మళ్ళీ మా వైపు తిరిగింది. నిబంధన ఒక్కటే. ఒక్కొక్కరు ఒక వాక్యం చదవాలి. ఆమెకు వినబడితే చెయ్యి ఎత్తుతుంది. వినబడకపోతే ఇంకో రెండడుగులు వెనక్కి వేస్తుంది.

మొదటి పిల్ల చదివింది. లావణ్య వెనక్కి రెండడుగులు. రెండో పిల్లవాడు, మళ్ళీ రెండడుగులు. అలా వెనక్కి వెనక్కి పోయి ఆమె నీళ్ళ అంచు దాకా వెళ్ళింది. పిల్లలు కంగారు పడ్డారు. ఇలాగే అయితే టీచర్ సముద్రంలోకి పోతుందని వాళ్ళ భయం. వంశీ తన వంతు రాకముందే గుండెల నిండా గాలి పీల్చి అరిచాడు.

"వాన కోసం రైతు ఎదురుచూస్తున్నాడు!"

మధ్యలో గొంతు విరిగి, ఒక ముక్క మగవాడిలా, ఒక ముక్క ఆడపిల్లలా వచ్చింది. ఒంటె ఉలిక్కిపడింది. అందరూ పడీ పడీ నవ్వారు. అంత దూరంలో లావణ్య రెండు చేతులూ ఎత్తింది.

ఇక చూడాలి ఆ గోల. ఒకరి మీద ఒకరు పోటీ. తడబడేవాళ్ళు తడబడ్డారు, కొందరికి ఒత్తులు రాలేదు, ఒకడు ఒక వరుస మొత్తం మింగేశాడు. నిజం చెప్పాలంటే సగం మంది చదువు రెండేళ్ళు వెనకబడే ఉంది. అయితేనేం, ఇప్పుడది చెవికి వినబడుతోంది. వినబడితే దిద్దుకోవచ్చు. మధ్యలో దేసాయి సాహెబ్ భజియాల పొట్లంతో వచ్చి, ఒక్క ముక్క తెలుగు రాకపోయినా ప్రతి వాక్యానికీ "శాబాష్" అంటూ నిలబడ్డాడు. మర్నాడు ఆయనే మనిషిని పంపి బొమ్మల పుస్తకాలు వెనక్కి తెప్పించుకున్నాడు. నేనేమీ అడగలేదు.

ఒక్క శ్రావణి మాత్రం నోరు తెరవలేదు. అందరికంటే బాగా చదివే పిల్ల ఆమే. లావణ్య చాలాసేపు ఎదురుచూసింది. చివరికి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, ఆ పిల్ల ఆమె చెవిలో వాక్యమంతా చదివింది. తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలు, కేకలు. లావణ్య నా పక్కన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"అందరూ బాగా చదివారు కదా," అన్నాను.

"చదివిన్రు అక్కా. గాని శ్రావణి నా దిక్కు చూసిన చూపున్నదే..." అని ఆగిపోయింది. "మా ఆయనకు మాటిచ్చిన. దీపావళి దాకనే."

ఉండిపొమ్మని అడగాలనిపించింది. టీచర్లకు ధైర్యం చెప్పడం మన పని. బలవంతం చేయడం మన పని కాదు. అప్పుడు అలా ఊరుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

సెలవుల తర్వాత

దీపావళి సెలవులు మాకు గుజరాత్‌లో మూడు వారాలు ఉంటాయి. సాంచలు కూడా కొన్నాళ్ళు ఆగుతాయి. ఊరంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అవుతుంది. ఆ సెలవులన్నీ నేను ఫోన్ చూసుకుంటూ గడిపాను. లావణ్య చేయలేదు, నేనూ చేయలేదు. సెలవుల చివర్లో దేసాయి సాహెబ్ మాత్రం చేశాడు. బడి తెరిచిన రోజు మధ్యాహ్నంలోగా లావణ్య సంగతి తేల్చి చెప్పాలి, లేకపోతే పిల్లల పేర్లు హిందీ బడికి పంపేస్తామన్నాడు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే వెళ్ళాను. గేటు దగ్గర లావణ్య కనిపించింది. చేతిలో సంచీ లేదు, టిఫిన్ డబ్బా లేదు. ఊరికే వచ్చిన మనిషిలా ఉంది.

"పిల్లలకు ఒక్కసారి చెప్పిపోదామని వచ్చిన అక్కా," అంది.

సరే అందామని నోరు తెరిచేంతలో వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. గేటు, గోడ, వేపచెట్టు మీద కాకులు, అన్నీ అదిరేంత గొంతు.

"టీచరమ్మా! నీతోని పనున్నది!"

రాజేశం. శ్రావణి తండ్రి. రాత్రి పాళీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. తల నిండా దారాల నూగు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లావణ్య భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏందన్నా, ఏమైంది?"

"ఏమయిందా? మా పిల్లకు ఏం నేర్పిన్రు మీరు? పండుగకు సాంచలు బంద్ ఉండె. నేను పగలు మెలకువతోని ఉంటి. చదువు బిడ్డా, ఇనాలని ఉన్నది అని నేనే అన్న. మొదలు పెట్టింది. ఇగ ఆపుతలేదు! పొద్దుగాల చదువుతది, వాళ్ళ తమ్మునితోని చదివిస్తది, చీరెల డబ్బల మీద ఉన్నది చదువుతది. మొన్నటి సంది నాకు మళ్ళ రాత్రి పాళీ పడ్డది. నిన్న పొద్దంత నిద్ర పట్టలె."

"మరి ఊకో అని చెప్పకపోయినవా అన్నా?" అంది లావణ్య.

అంత పెద్ద గొంతు మనిషి ఒక్కసారిగా మెత్తబడ్డాడు. తలకు అంటిన నూగు దులుపుకున్నాడు.

"రెండేండ్లు నా నిద్ర కోసం దాని నోరు మూయించినం టీచరమ్మా. మంచిగ చదువుతున్నది. కండ్లు మూసుకొని ఇనుకుంట పండుకున్న. మళ్ళ నోరు మూయిమని చెప్పబుద్ధి అయితలేదు. నువ్వన్న జర చెప్పు. నీ మాట ఇంటది."

లావణ్య అతన్నే చూస్తూ నిలబడింది. ఆమె కళ్ళు నిండాయి. వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"నేను సుత చెప్పనన్నా," అంది. "ఒక పని చేద్దాం. బడి అయినంక శ్రావణిని, తమ్మున్ని ఇక్కడనే ఉంచుకుంట. సాంచల కాడ పనిచేసేటోళ్ళ పిల్లలందరిని ఉంచుకుంట. పొద్దుగూకెదాక ఎంత గట్టిగనన్న చదవనీ. నువ్వు నిమ్మలంగ పండు."

"రోజు ఉంచుకుంటవా?"

"రోజు."

రాజేశం దండం పెట్టి, ఆవలిస్తూ వెళ్ళిపోయాడు. నేను లావణ్య వైపు చూశాను. చెప్పిపోదామని వచ్చానన్నావు కదా అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగక్కర్లేకుండానే ఆమె చెప్పింది.

"ఏం చేస్త అక్కా. రాజేశం అన్న నిద్రపోవాలె గద. మా ఆయనకు నేను చెప్పుకుంట."

అని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనక బెంచీ మీద వంశీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. లావణ్య సుద్దముక్క తీసుకుని, "ఎవరు చదువుతరు?" అంది. మొదట లేచింది శ్రావణి. తర్వాత ఎవరెవరు లేచారో నాకు గుర్తులేదు. అందరూ ఒకేసారి లేచినట్టున్నారు.

పాఠం నడుస్తుండగానే నా ఫోన్ మోగింది. దేసాయి సాహెబ్. ఒక చెవి మూసుకుని, ఫోన్ రెండో చెవికి ఆనించినా ఆయన మాట ఒక్కటీ అందలేదు. ఏమడుగుతున్నాడో తెలుస్తూనే ఉంది. అయినా లేచి బయటికి వెళ్ళాలనిపించలేదు.

"గట్టిగా మాట్లాడండి సాహెబ్," అన్నాను. "ఇక్కడ ఏడో తరగతి చదువుతోంది. ఏమీ వినపడట్లేదు."